ఐదక్షరాల ఖాందాన్లు

మహబూబాబాద్‌లోని ఒక సర్కారు ఆఫీసులో మణెమ్మ కూర్చున్న కుర్చీ అంతకుముందు ఆమె భర్త సంజీవది. ఆ కుర్చీ కోసం సంజీవ చాలానే పోగొట్టుకున్నాడు. అరవై తొమ్మిదిలో అతను జనగామలో చదువుకుంటుండగా తెలంగాణ ఉద్యమం వచ్చింది. మా కొలువులు మాకే కావాలని రోడ్డెక్కిన పిల్లల్లో అతనూ ఒకడు. లాఠీ దెబ్బకు ఎడమ మోచేయి వంకరపోయింది, చదువు ఏడాది వెనకబడింది. ఆ తర్వాత ఎన్ని గడపలు ఎక్కి దిగాడో, చివరికి గుమస్తా పని దొరికింది. నాలుగేళ్లు చేశాడో లేదో కామెర్లు వచ్చి పోయాడు. ఆఫీసు వాళ్లు జాలిపడి అతని భార్యకు కొలువు ఇచ్చారు. అది మణెమ్మ అదృష్టమని అన్నవాళ్లు కూడా ఉన్నారు. అలా అనే నోళ్లకు ఏం చెబుతాం!

కొలువు ఇచ్చారు గానీ ఒక మెలిక పెట్టారు. కుర్చీ అదే గానీ, ఆమెకు ఇచ్చింది టైపిస్టు పోస్టు. రెండేళ్లలోపు ఇంగ్లీషు టైపు లోయర్ పరీక్ష పాసు కావాలి, లేకపోతే పోస్టు పోతుంది. మణెమ్మ పదో తరగతి అయితే గట్టెక్కింది కానీ ఇంగ్లీషులో వచ్చినవి అత్తెసరు మార్కులు. పెళ్లయ్యాక ఆ భాషతో ఆమెకు పనే పడలేదు. ఇప్పుడు ముప్పై ఏళ్లకు దగ్గరపడుతుండగా ఆ భాషే వచ్చి ఆమె మెడ మీద కూర్చుంది.

పోస్టు పోతే మళ్లీ తరిగొప్పులలో అన్న వెంకట్రాం ఇంటికే పోవాలి. కూతురు ఊర్మిళ అప్పటికే అక్కడ ఉంది. పొద్దంతా ఆఫీసు, సాయంత్రం టైపు క్లాసు, ఉండేది వేరేవాళ్ల ఇంట్లో ఒక వాటా. ఏడేళ్ల పిల్లను ఎవరు చూస్తారు? అన్న చెడ్డవాడేం కాదు. వదిన అంతకన్నా కాదు. తన పిల్లలతో పాటే ఊర్మిళకూ నూనె రాసి జడ వేసేది. అయినా అన్న ఒకరోజు సూటిగా అన్నాడు.

"సూడు చెల్లె, పరీక్ష పాసైతె పిల్లను తీస్కపో, నీ ఇంట్ల నువ్వుండు. కాకుంటె ఇద్దరు ఈడనే ఉండున్రి. గంతేగాని పిల్లను గిట్ల అటింత ఇటింత తిప్పొద్దు."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ ఇంట్లో మూలగదిలో ముసలిదయ్యేదాకా పడి ఉండడం తలుచుకుంటే మణెమ్మకు ఊపిరాడేది కాదు. ఆదివారాలు ఊరికి పోతే మొదట్లో ఊర్మిళ బస్సు దాకా ఏడుస్తూ వచ్చేది. కొన్నాళ్లకు ఏడవడం మానేసింది. ఇంకొన్నాళ్లకు వదిన కొంగు వెనక నిలబడి చూసేది. ఆ పిల్ల ఏడ్చినప్పటికన్నా ఇప్పుడే మణెమ్మకు ఎక్కువ బాధగా ఉండేది. పరీక్ష పాసు కావాలి, పిల్లను తెచ్చుకోవాలి. ఆమెకు ఇంకో కోరిక లేదు.

స్టేషన్ రోడ్డులో రేకుల కప్పు కింద గులాం మొహిద్దీన్ సాబ్ టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నాలుగు మిషన్లు, నాలుగు బెంచీలు, గోడకు ఒక గడియారం. సాబ్ ఒకప్పుడు ఉర్దూలో దఫ్తరు రాసినవాడు. సర్కారు భాష మారిపోయాక, నెత్తి నెరిసే వయసులో ఇంగ్లీషు టైపు నేర్చుకుని బతికాడు. ఆ యాతన తెలుసు కాబట్టి మణెమ్మలాంటి వాళ్ల మీద ఆయనకు విసుగు ఉండేది కాదు. కాలేజీ పిల్లలు టకటకా కొడుతుంటే, ఈమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పేన్లు చూస్తున్నట్టు మిషను మీదికి వంగిపోయేది. మాట మొత్తం చదవడానికే ఒక నిమిషం పట్టేది. అట్లా చదివి కొట్టేసరికి పక్కవాళ్లు పేజీ మార్చేవాళ్లు.

ఒక సాయంత్రం సాబ్ బెంచీ దగ్గరికి వచ్చి, ఆమె ముందున్న పుస్తకం మూసేశాడు.

"గిది నీతోని కాదు బేటీ. ఇంగ్లీష్ల మాటలు ఒంటరిగ ఉండయ్. ఖాందాన్లుంటయ్, మన కుటుంబాల తీరు. ఎస్, టి, ఏ తోని మొదలయ్యేటియి, ఐదక్షరాలే ఉండేటియి యాదిలో పెట్టుకో. స్టాండ్, స్టాంప్, స్టార్ట్, స్టేట్, స్టేజ్, స్టాల్. అందరికి ఒక్కటే తల, ఒక్కటే ఎత్తు. తల కొట్టుడు వేళ్లకు వస్తె సగం పనైనట్టే. ఒకన్ని పట్టుకుంటె తక్కినోళ్లు యెంటొస్తరు."

"వాటికి అర్థం ఏంది సార్?"

"అర్థం తోని నీకేం పని? పరీక్షల అర్థం అడుగరు."

అట్లా మొదలయ్యాయి ఖాందాన్లు. స్టా ఖాందాన్ అయ్యాక గ్రా ఖాందాన్: గ్రేడ్, గ్రెయిన్, గ్రాండ్, గ్రాంట్, గ్రాస్, గ్రేవ్. ఆ తర్వాత సి, హెచ్, ఏ వాళ్లు: ఛెయిన్, ఛెయిర్, చాక్, చార్ట్. ఐదక్షరాల తర్వాత స్పేసు, మళ్లీ అదే తల. లయ కుదిరిపోయింది. ఊళ్లో నాట్లేసేటప్పుడు ఎవరు పక్కన ఉన్నారో చూడకుండానే చేయి పోయి బురదలో మొక్క గుచ్చి వస్తుంది కదా, వేళ్లు అట్లా పోయేవి. ఆఫీసులో ఫైలు మోస్తున్నా, పొయ్యి ముందు కూర్చున్నా, ఆమె వేళ్లు తొడ మీద స్టాండ్, స్టాంప్, స్టార్ట్ అంటూ కదిలేవి. ఏడాది తిరిగేసరికి ఆ చప్పుడు విని కాలేజీ పిల్లలే వెనక్కి తిరిగి చూశారు. మణెమ్మకు చాలా కాలం తర్వాత కాస్త ధైర్యం వచ్చింది.

పరీక్ష హన్మకొండలో. ఎవరి మిషను వాళ్లే తెచ్చుకోవాలని అక్కడి నియమం. సాబ్ భార్య రషీదా బేగం పాత దుప్పట్లు ఇస్తే వాటిలో మిషన్లు మూటలు కట్టి, పొద్దున రైలెక్కారు. అంత బరువును కింద పెడితే అదురుకు ఏ కడ్డీ వంగుతుందోనని మణెమ్మ మిషనును ఒడిలోనే పెట్టుకుంది. కాజీపేట వచ్చేసరికి కాళ్లు తిమ్మిరెక్కి నడవలేకపోయింది. "పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నవ్ గదమ్మా" అని సాబ్ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది కానీ ఒడిలో పిల్లను పెట్టుకుని ఎన్నాళ్లయిందో గుర్తొచ్చి వెంటనే ఆ నవ్వు పోయింది.

స్పీడు పేపరు పది నిమిషాలు. గంట కొట్టగానే గది నిండా వడగళ్లు పడ్డట్టు చప్పుడు. మణెమ్మ వేళ్లు ఎంత బాగా పోయాయంటే, తనే ఆశ్చర్యపోయింది. గంట మళ్లీ మోగాక కాగితం లాగి, ఇచ్చే ముందు ఒకసారి కిందికి చూసింది. మూడో పేరాలో స్టేట్ అనే మాట వచ్చిన చోట ఆమె వేళ్లు అక్కడ ఆగలేదు. స్టేజ్, స్టాల్ అంటూ ఖాందాన్ మొత్తాన్ని పిలుచుకుంటూ రెండు వరుసలు పోయాయి. అక్కడి నుంచి ఇంకెక్కడో తేలాయి. పేపరులో ఉన్నది ఒకటి, ఆమె కొట్టింది ఒకటి. ఇన్విజిలేటర్ చేయి చాపితే కాగితం ఇచ్చేసి బయటికి వచ్చింది.

ఏం జరిగిందో చెబితే మొహిద్దీన్ సాబ్ మెట్ల మీద కూలబడ్డాడు. "తప్పు నాదే బేటీ. సుర్రున ఉరుకుడు నేర్పిన, ఆగుడు నేర్పలే" అన్నాడు. ఫలితాల దాకా చూడాల్సిన పనే లేకపోయింది. గడువులోపు ఇక మిగిలింది ఒక్క పరీక్షే.

మణెమ్మ మూడు రోజులు క్లాసుకు పోలేదు. నాలుగో రోజు రషీదా బేగమే ఆమె ఉండే చోటికి వచ్చింది. "సాబ్ అన్నం తింటలేడు. నువ్వు రాకుంటె ఆయన గా మిషన్లన్ని అమ్మేటట్టున్నడు. రా మణెమ్మా, జర నా కోసం రా" అంది. అలసిపోయిన మనిషికి తన కోసం తాను లేవడం కష్టం గానీ, ఎవరి కోసమో లేవడం అంత కష్టం కాదు. మణెమ్మ లేచింది.

ఈసారి సాబ్ వేరే దారి పట్టాడు. ఖాందాన్‌లో ఒక్కొక్కరినీ విడిగా గుర్తుపడితే వేళ్లు పరుగెత్తవని ఆయన ఆలోచన. అందుకని అర్థాలు నేర్పాడు. గ్రెయిన్ అంటే ధాన్యం. గ్రాస్ అంటే గడ్డి. గ్రాంట్ అంటే సర్కారు మంజూరు. ఒక్కో మాటకూ ఒక్కో ముఖం వచ్చింది. వేళ్లు ఆగడం నేర్చుకున్నాయి. తప్పులు పోయాయి. కానీ మణెమ్మ ఇప్పుడు ప్రతి మాట దగ్గరా ఆగేది. గ్రెయిన్ అనగానే అన్న ఇంటి గాదె, గ్రాస్ అనగానే గట్టు మీద ఊర్మిళను నడుముకు కట్టుకుని గడ్డి కోసిన కాలం. ఒకరోజు గ్రేవ్ అంటే ఏందని అడిగింది. సాబ్ చెప్పనా వద్దా అన్నట్టు చూసి, "బొంద" అన్నాడు. ఆ మాట కొట్టబోయిన ప్రతిసారీ ఆమె చేయి గాలిలో నిలిచిపోయేది. సంజీవను పెట్టి మట్టి కప్పిన చోటు కళ్ల ముందుకు వచ్చేది. స్పీడు సగానికి పడిపోయింది.

తెలియకపోతే పరుగు, తెలిస్తే ఆగుడు. నడుమ ఎక్కడ నిలవాలో ఆమెకు అంతు పట్టలేదు. పరీక్ష దగ్గరికి వస్తోంది.

చివరికి సాబ్ ఒక అట్టముక్క తీసుకుని దానికి బ్లేడుతో సన్నటి కిటికీ కోశాడు. ఆ కిటికీలో రెండు మూడు అక్షరాలకు మించి కనిపించవు. దాన్ని పుస్తకం మీద పెట్టి, వరుస వెంట తన చేత్తోనే జరుపుతూ పోయాడు. మాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో మణెమ్మకు తెలియదు. కనిపించిన అక్షరం కొట్టడం, అంతే.

"కన్ను సూడాలె, వేలు కొట్టాలె" అన్నాడు సాబ్. "నడుమల నువ్వు రావద్దు. నువ్వు ఇంట్ల లేవు అనుకో. కొంపల ఎవ్వరు లేరు, తలుపు తెరిచే ఉన్నది, మాటలు అటు నుంచి వచ్చి ఇటు పోతున్నయ్."

మొదట్లో తల తిరిగేది. రాను రాను అందులో ఒక సుఖం దొరికింది. ఆ గంటసేపు ఆమె ఎక్కడా ఉండేది కాదు. సంజీవ లేడు, అన్న ఇల్లు లేదు, కొంగు వెనక నిలబడ్డ పిల్ల లేదు. క్లాసు అయ్యాక లేచి నిలబడితే నిద్ర లేచినట్టుండేది. కొన్ని వారాలకు సాబ్ అట్ట తీసేశాడు. తీసేసినా ఆమె కన్ను ఆ సన్నటి కిటికీ దాటి పోలేదు.

రెండోసారి హన్మకొండ నుంచి బయటికి వస్తుంటే సాబ్ ఎదురొచ్చాడు. "ఏమొచ్చింది పేపర్ల? దేని మీద ఇచ్చిండు?"

"ఏమో సార్. తెల్వది."

సాబ్ ముఖం వెలిగిపోయింది. "అయితే పాసైనవ్" అన్నాడు.

పాసయింది. ఆఫీసులో ఆమె పోస్టు ఖాయం చేశారు. ఆ ఆదివారమే తరిగొప్పుల పోయి ఊర్మిళను తెచ్చుకుంది. పిల్ల మొదటి వారం అత్తమ్మ కావాలని ఏడ్చింది. మణెమ్మ ఆ ఏడుపును కూడా సంతోషంగానే భరించింది. రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుంది. పిల్లకు తనే జడ వేసింది, బడికి తనే తోలింది. వానాకాలం చూరు కారితే ఇద్దరూ మంచం అటూ ఇటూ జరుపుకుంటూ నవ్వుకునేవాళ్లు. అట్లా ఐదేళ్లు. సుఖంగా గడిచిన కాలం గురించి చెప్పడానికి ఎప్పుడూ ఎక్కువ ఉండదు.

ఆఫీసులో మణెమ్మ టైపుకు పేరొచ్చింది. తప్పు పడదు, ఆలస్యం కాదు. ఏ కాగితం ఎప్పుడు ఇచ్చినా కొట్టి పక్కన పెట్టేది. ఎవరి ఇల్లు జప్తు అయిందో, ఎవరిని సస్పెండ్ చేశారో, ఎవరి దరఖాస్తు తిరగ్గొట్టారో ఆమె చేతుల మీదుగానే పోయేది. బయట ఎవరైనా పట్టుకుని "నా కాగితంల ఏమున్నది మణెమ్మా?" అని అడిగితే, "నాకు తెల్వదు" అనేది. కడుపులో దాచుకుందని జనం అనుకునేవారు. గుట్టు మనిషి, నమ్మకమైన మనిషి అని సూపరింటెండెంట్ ప్రభాకర్ సార్ నలుగురిలో మెచ్చుకునేవాడు. నిజానికి ఆమె దాచిందేమీ లేదు. ఆ మాటలు ఆమెను ముట్టకుండానే పోయేవి. ఇంగ్లీషులో తన పేరు ఎట్లా ఉంటుందో ఆమె వేళ్లకు తెలుసు గానీ, ఆమె ఎన్నడూ ఆగి చూసుకోలేదు.

ఎనభై ఐదులో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కొత్త ఆఫీసులకు మనుషులు కావలసి వచ్చారు. ఎవరిని ఎటు తోలుతారోనని అందరికీ ఒకటే గుబులు. ఊర్మిళ అప్పటికి పదో తరగతిలోకి వచ్చింది. ఈ ఒక్క ఏడాది కదలకుండా ఉంటే చాలు, పిల్ల పదో తరగతి దాటుతుంది అని మణెమ్మ అనుకునేది. పైకి మాత్రం ఎవరినీ అడగలేదు. అడిగితే పేరు గుర్తొచ్చి తననే తోలుతారేమోనని భయం.

శ్రావణ మాసంలో ఒక పొద్దున ప్రభాకర్ సార్ తనే ఒక డ్రాఫ్టు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. మామూలుగా అయితే అటెండరు మొండయ్య తెచ్చి పడేసి పోతాడు.

"జర నిమ్మళంగ కొట్టు మణెమ్మా. తొందరేం లేదు" అన్నాడు ఆయన. పోబోయి మళ్లీ ఆగాడు. "ఆఫీసర్ దొర సాయంత్రం గాని సంతకం పెట్టడు. అప్పటిదాక నేను నా టేబుల్ కాడనే ఉంట."

"సరే సార్" అంది మణెమ్మ.

కార్బన్లు పెట్టి, కాగితం ఎక్కించి కొట్టేసింది. చాయ్ వచ్చేలోపే మొండయ్య చేతికిచ్చి పంపింది. ప్రభాకర్ సార్ ఆ కాగితం చూసి, తలెత్తి దూరం నుంచి ఆమె వైపు చూశాడు. ఆమె అప్పటికే ఇంకో కాగితం ఎక్కిస్తోంది. సాయంత్రం దాకా ఆయన రెండుసార్లు ఆమె బల్ల పక్కనుంచి నడిచి పోయాడు. ఆమె తలెత్తలేదు.

మర్నాడు మొండయ్య ఆర్డరు కాపీ తెచ్చి సంతకం పెట్టమన్నాడు. "యాడికి వేసిన్రో తెలుసు గద అక్కా. భూపాలపల్లి. అడవిల పడేసిన్రు" అని జాలిగా అన్నాడు.

మణెమ్మ ఆ కాగితం తీసుకుని తిన్నగా సూపరింటెండెంట్ దగ్గరికి పోయింది.

"సార్, గిదేంది సార్? నా బిడ్డ పదో తరగతి. నన్ను భూపాలపల్లి పంపుడేంది? ఆడ ఉండనీకి ఇల్లు దొరుకది, పిల్లను యాడ పెట్టాలె? ఒక్క ముక్క ముందుగాల చెప్పొద్దా సార్?"

ప్రభాకర్ సార్ ఆమెను వింతగా చూశాడు. "చెప్పకపోవుడేంది? నిన్న పొద్దుగాల నీ చేతికే ఇయ్యలేదా? సంతకం కాకముందు ఎవరి ట్రాన్స్‌ఫరు వాళ్లకే రాయనీకో కొట్టనీకో ఇస్తమమ్మా. నోటితోని చెప్పొద్దని రూలు. గందుకనే గట్ల చేస్తం. చూసినోళ్లు ఉరికొచ్చి మొర పెట్టుకుంటరు, దొర కాడికి నేనే తీస్కపోత. ముగ్గురియి గట్లనే ఆపిచ్చిన. నువ్వు సప్పుడు చేయకుండ కొట్టి పంపినవ్. పోనీకి ఒప్పుకున్నవనుకున్న."

"నేను చదువలేదు సార్."

"టైపు కొట్టినోళ్లు చదువకుండ ఎట్లుంటరు?"

అది చెప్పాలంటే మొహిద్దీన్ సాబ్ దగ్గరి నుంచి మొదలుపెట్టాలి. ఆయన రెండేళ్ల కిందటే పోయాడు, రషీదా బేగం కాజీపేటలో కొడుకు దగ్గర ఉంటోంది. ఉన్నా ఎవరు నమ్ముతారు?

"ఇప్పుడు ఆపనీకి రాదా సార్?" అని మాత్రం అడిగింది.

"నిన్న అడిగితె ఆపిచ్చేటోన్ని. సంతకమైపోయింది, కాపీలు పోయినయ్. ఇగ కలెక్టరాఫీసుకు పోయి తిరగాలె, ఏడాది పడ్తది." ఆయన గొంతులో కూడా బాధ ఉంది. మంచివాడే. చేయగలిగిన మేలు చేయాల్సిన పూటే చేశాడు. ఆమెకే అది కనపడలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని బాధంత పాడు బాధ ఇంకొకటి లేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి ఊర్మిళకు చెప్పింది. పదో తరగతి అయ్యేదాకా మామ ఇంట్లో ఉండి జనగామ బడికి పోవాలని, తాను నెలకోసారి వస్తానని చెప్పింది. ఊర్మిళ లేచి వచ్చి, తల్లి చేతిలోని ఆర్డరు తీసుకుని చదివింది. ఇంగ్లీషు దానికి బాగానే వచ్చు.

"నీ పేరు మొదటి లైన్లనే ఉన్నది గదమ్మా. ఎవరు టైపు చేసిన్రు?"

"నేనే బిడ్డా."

"చేసేటప్పుడు సూడలేదా?"

"సూస్తె చెయ్యనీకి రాదు బిడ్డా" అంది మణెమ్మ.

ఆదివారం తల్లి బస్సు ఎక్కిస్తే ఊర్మిళ తరిగొప్పుల పోయింది. ఏడవలేదు.